పాత కీబోర్డు తూకానికి వేసే ముందు ఒకసారి వెనక్కి తిప్పి చూడండి

సంపాదకులు గారికి నమస్కారం.

మీ ఆదివారం పేజీల్లో పాత వస్తువులు దాచుకునే వాళ్ళ గురించి అప్పుడప్పుడు రాస్తా ఉంటారు, స్టాంపులు, నాణేలు, పాత రేడియోలు, గ్రామఫోన్ రికార్డులు, అగ్గిపెట్టెల మీది బొమ్మలు అన్నీ వచ్చినాయి, అన్నీ ఇష్టంగా చదివినాను. కానీ కంప్యూటర్ కీబోర్డులు దాచుకునే వాళ్ళు కూడా మన ఊర్లలో ఉన్నారని ఎక్కడా రాలేదు, అందుకే ఈ ఉత్తరం. కొంచెం పొడుగ్గానే ఉంటుంది, ఓపిగ్గా చదవండి సార్. నేను తిరుపతిలో చాలా ఏళ్ళు డీటీపీ ఆపరేటర్‌గా పని చేసినాను, పెళ్ళి పత్రికలు, కరపత్రాలు, కాలేజీ పిల్లోళ్ళ ప్రాజెక్టు రిపోర్టులు, ఎలక్షన్లప్పుడు పాంప్లెట్లు, ఏది వస్తే అది కొట్టినాను, ఇప్పుడు బైరాగిపట్టెడలో చిన్న జిరాక్స్ అంగడి పెట్టుకున్నాను. మా ఇంటి మిద్దె మీద గదిలో బీరువా నిండా, అటక నిండా కీబోర్డులే. కొన్ని కొన్నవి, కొన్ని అడుక్కున్నవి, జాస్తి భాగం తూకానికి పోతా ఉంటే ఆపినవి.

ఆ చివరి మాట గురించే నేను రాయాలనుకున్నది. మన తిరుపతిలో, చిత్తూరులో ఇప్పుడు పాత కంప్యూటర్ సామాన్లు కట్టలు కట్టలుగా బయటికి పోతా ఉండాయి. ఆఫీసులు ల్యాప్‌టాప్‌లకి మారతా ఉండాయి, డీటీపీ సెంటర్లు ఒక్కొక్కటే మూతపడతా ఉండాయి, నెట్ సెంటర్లు అయితే ఫోన్లు వచ్చినాక ఎప్పుడో పోయినాయి, టైపు ఇన్‌స్టిట్యూట్లు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మిగిలినాయి. ఆ సామాన్లలో మానిటరునీ సీపీయూనీ ఎవరో ఒకరు ఆగి చూస్తారు, లోపల ర్యామ్ ఉందా, హార్డ్ డిస్క్ పని చేస్తాదా అని. కీబోర్డుని ఎవరూ చూడరు. నేరుగా గోతంలోకే.

పాతసామాన్ల అంగడికి పోయి చూస్తే తెలుస్తాది వాటి గతి. రేణిగుంట రోడ్డు వైపు ఒక అంగడికి నేను పోతా వస్తా ఉంటాను, అక్కడ పని చేసే పిల్లోడు కీబోర్డు చేతికి రాగానే మొదట చేసే పని కటింగ్ ప్లయర్‌తో వైరు కోసేయడం, ఎందుకంటే వైరులో రాగి ఉంటాది, రాగికి రేటు ఉంటాది, మిగిలింది ఉత్త ప్లాస్టిక్ కింద లెక్క. ఒక రోజు ఆ కుప్పలో మట్టి కొట్టుకుపోయిన కీబోర్డు ఒకటి ఎత్తితే చెయ్యి కిందికి జారింది, అంత బరువు. తిప్పి చూస్తే వెనక ఐబీఎం లేబుల్, దాని మీద పార్ట్ నంబరు 1391401, తయారైన తేదీతో సహా అచ్చు వేసి ఉండాది. వైరు అప్పటికే కోసేసినారు. "దీంట్లో ఏముందన్నా, ప్లాస్టికే కదా, తీసుకుపో" అన్నాడు ఆ పిల్లోడు, కీబోర్డుకని డబ్బులు తీసుకోలా, తూకం వేసి ప్లాస్టిక్ రేటు తీసుకున్నాడు. ఆ పిల్లోడిది తప్పేం లేదు, చెప్పేవాళ్ళు ఉంటే కదా తెలిసేది.

1391401 అంటే ఏందో చెప్తాను. అది ఐబీఎం మోడల్ ఎమ్. 1985లో వచ్చిన డిజైను, ఇప్పుడు మనం ఏ కీబోర్డు చూసినా దాని మీద కనిపించే అమరిక, అంటే పైన వరసగా ఎఫ్1 నుంచి ఎఫ్12 దాకా, కుడి పక్కన నంబర్ ప్యాడ్, మధ్యలో యారో కీలు, ఇదంతా దాంతోనే ప్రపంచం మొత్తానికి స్థిరపడిపోయింది. దాని ముందు 1981లో ఐబీఎం పీసీతో వచ్చిన కీబోర్డుకి 83 కీలే, ఎఫ్ కీలు పది, అవి కూడా ఎడమ పక్కన రెండు వరసల్లో ఉండేవి. మోడల్ ఎమ్ ఒక్కోటి రెండు కిలోల పైనే తూగుతాది, లోపల ఇనప రేకు ఉంటాది కాబట్టి. ప్రతి కీ కింద ఒక చిన్న స్ప్రింగు నిలబడి ఉంటాది, వేలు నొక్కేకొద్దీ అది అణిగి అణిగి ఒక చోట టక్కున పక్కకి వంగిపోతాది, వంగినప్పుడు కింద ఉండే చిన్న ముక్కని వాల్చి కాంటాక్టుని కొడతాది, ఆ శబ్దమూ, వేలికి తగిలే ఆ దెబ్బా, అక్షరం పడడమూ మూడూ ఒకే క్షణంలో జరుగుతాయి. అందుకే స్క్రీన్ చూడకుండానే అక్షరం పడిందని వేలికి తెలిసిపోతాది. 1991లో ఐబీఎం ఈ కీబోర్డుల వ్యాపారాన్ని లెక్స్‌మార్క్ అనే కంపెనీకి వదిలేసింది, లెక్స్‌మార్క్ కూడా వద్దనుకున్నాక 1996లో యూనికాంప్ అని అమెరికాలో కెంటకీ రాష్ట్రం లెక్సింగ్టన్‌లో ఒక చిన్న కంపెనీ ఆ మిషన్లు కొనుక్కుని ఇప్పటికీ అదే రకం చేస్తా ఉంది. నాకు దొరికిన దానికి వేరే వైరు అతికి, కన్వర్టర్ పెట్టి తగిలిస్తే అన్ని కీలూ పని చేసినాయి. అన్ని కీలూ! తయారైనప్పుడు పుట్టిన పిల్లోళ్ళకి ఇప్పుడు పిల్లలు ఉంటారు.

అయితే మన పక్క మోడల్ ఎమ్ దొరకడం అరుదు, దాని కోసమే అయితే ఈ ఉత్తరం రాసేవాణ్ణి కాదు. మన దగ్గర నిజంగా ఉన్నది టీవీఎస్ గోల్డ్. ఈ పేరు తెలియకపోయినా శబ్దం మీ అందరికీ తెలుసు, రైల్వే రిజర్వేషన్ కౌంటర్లో, బ్యాంకులో క్యాషియర్ దగ్గర, ఎల్ఐసీ ఆఫీసులో అద్దం అవతల నుంచి టకటకటక అని వినిపించేది అదే. మామూలు కీబోర్డులో కీల కింద రబ్బరు బుడిపెల షీటు ఒకటి పరిచి ఉంటాది, నొక్కితే బుడిపె అణిగి కింది పొర తగులుతాది, కొత్తలో బాగానే ఉంటాది గానీ ఏళ్ళు పోతే రబ్బరు సడలిపోయి ఒక కీ గట్టిగా ఒక కీ మెత్తగా తయారవుతాది. టీవీఎస్ గోల్డ్ పాత వాటిల్లో అట్ల కాదు, ప్రతి కీకి విడిగా ఒక స్విచ్, అది జర్మనీ చెర్రీ కంపెనీ నీలం రంగు స్విచ్. కీ క్యాప్ పీకి చూస్తే ప్లస్ గుర్తు ఆకారంలో నీలం కాడ కనిపిస్తాది. మొత్తం లోతు 4 మిల్లీమీటర్లు, సుమారు సగం దిగేసరికే అక్షరం పడిపోతాది, కాబట్టి చెయ్యి అలవాటైన వాళ్ళు అడుగు దాకా గుద్దరు, తేలిగ్గా తాకి పోతా ఉంటారు, రోజంతా కొట్టినా వేళ్ళు నొప్పి పుట్టవు. ఇట్లాంటి స్విచ్ ఒక్కోటి 5 కోట్ల సార్లు నొక్కినా తట్టుకుంటాదని కంపెనీ లెక్క. నా అనుభవంలో కీబోర్డు పోయిందని పారేసిన టీవీఎస్ గోల్డ్‌లలో జాస్తి వాటికి పోయింది స్విచ్ కాదు, వైరు. ప్లగ్గు మొదట్లో వైరు తెగి ఉంటాది, అంతే. అరగంట పని. దానికోసం ఇంత మంచి సామాను కిలోల లెక్కన పోతా ఉంటే కడుపు మండదా చెప్పండి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను, తెలుగు. నా దగ్గర ఉన్నవాటిలో నాకు ప్రాణంతో సమానం అనిపించేది ఐబీఎం కాదు, కీల మీద తెలుగు అక్షరాలు ఉన్న కీబోర్డులు. కొన్నిటి మీద అక్షరాలు అచ్చు వేసి ఉంటాయి, కొన్నిటికి పారదర్శకంగా ఉండే స్టిక్కర్లు అతికించి ఉంటాయి, ఒకటైతే ఎవరో ఓపిగ్గా వైట్‌నర్ పెట్టి సన్నటి పెన్నుతో ఒక్కో అక్షరం రాసి, పైన సెలోఫేన్ టేపు వేసుకున్నారు, టేపు పసుపు పచ్చగా అయిపోయింది గానీ కింద అక్షరాలు ఇంకా చాలావరకు కనిపిస్తా ఉండాయి. అది చిత్తూరులో కోర్టు పక్కన టైపు చేసే ఒక పెద్దాయన వాడింది, ఆయన పని మానేసినాక వాళ్ళబ్బాయి ఇచ్చినాడు. దస్తావేజులు, అఫిడవిట్లు, అర్జీలు ఎన్ని వేల పేజీలు దాని మీద నడిచినాయో!

తెలుగు కీబోర్డుల్లో ఇన్‌స్క్రిప్ట్ అని ఒక పద్ధతి ఉంది, అంటే ఏ కీ మీద ఏ అక్షరం ఉండాలనే అమరిక, మీ డెస్కులో వాళ్ళకి తెలిసే ఉంటాది. 1986లో కేంద్ర ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ శాఖ ప్రమాణంగా పెట్టింది, తర్వాత 1991లో ఇస్కీ అని మన భాషల అక్షరాలకి కంప్యూటర్ కోడ్ పెట్టిన ప్రమాణంతో పాటు గట్టిపడింది. దాంట్లో అచ్చులూ గుణింతాలూ ఎడమ చేతికి, హల్లులు జాస్తి భాగం కుడి చేతికి. ఇంగ్లీషులో 'కె' ఉన్న చోట మనకి క, షిఫ్ట్ పట్టుకుంటే ఖ. 'ఐ' ఉన్న చోట గ, షిఫ్ట్‌తో ఘ. దీంట్లో గొప్ప ఏమంటే ఇదే చోట తమిళం వాళ్ళకి వాళ్ళ క, కన్నడం వాళ్ళకి వాళ్ళ క, హిందీ వాళ్ళకి వాళ్ళ క. కుప్పం దగ్గర మూడు రాష్ట్రాలు కలిసే ఉమ్మడి చిత్తూరు జిల్లా మనది, మూడు భాషలు వచ్చిన మనుషులు ఇంటింటికీ ఉన్న చోటు, ఒక్క పద్ధతి నేర్చుకుంటే మూడు భాషల్లోనూ టైపు చేయొచ్చు అనేది మన వాళ్ళకి పనికొచ్చినంత ఇంకెవరికి పనికొస్తాది. ఇంకొక సంగతి చెప్తాను, నాకు తెలిసినప్పుడు ఎంత సంతోషం అయిందో! ఇన్‌స్క్రిప్ట్‌లో 'తిరుపతి' అని కొట్టండి. త, ఇకారం, ర, ఉకారం, ప, త, ఇకారం. ఏడు నొక్కులూ వేళ్ళు ఆనించుకునే మధ్య వరసలోనే పడతాయి, ఒక్క వేలు కూడా పైకి పోదు, కిందికి రాదు. 'చిత్తూరు' కొట్టాలంటే దీర్ఘం ఒక్కదానికి మాత్రం వేలు పై వరసకి పోవాలి, మిగతాదంతా మధ్య వరసే. మా అంగడికి వచ్చే పిల్లోళ్ళకి ఇది చూపిస్తే అందరూ వాళ్ళ పేరు కొట్టి చూసుకుంటారు, ఎన్ని అక్షరాలు మధ్య వరసలో పడతాయో అని.

అదొక్కటే కాదు, మన డీటీపీ వాళ్ళకి అనూ స్క్రిప్ట్ మేనేజర్ అని తెలుగు టైపు చేసే సాఫ్ట్‌వేర్ ఉండేది, దాంట్లో ఆపిల్ కీబోర్డు అని ఇంకో పద్ధతి, మాడ్యులర్ అని ఇంకోటి. నేను చేరిన ప్రెస్‌లో ఆపిల్, పక్క ప్రెస్‌లో ఇంకోటి, ఒక అంగడి నుంచి ఇంకో అంగడికి ఉద్యోగం మారాలంటే ముందు "నీకు ఏ కీబోర్డు వచ్చునప్పా" అని అడిగేవాళ్ళు. దానికి ముందు తెలుగు టైపురైటర్ల కీబోర్డు ఇంకొక తీరు. ఒక భాష, ఇన్ని అమరికలు, ఒక్కోదాని వెనకా ఒక్కో తరం మనుషుల వేళ్ళ అలవాటు. ఇప్పుడు పిల్లోళ్ళు ఇంగ్లీషు అక్షరాల్లో కొడితే ఫోనే తెలుగులోకి మార్చేస్తాది, నోటితో చెప్పినా రాసేస్తాది, మంచిదే, నేను కూడా వాడతాను. కానీ ఆ పాత అమరికలు అచ్చు వేసిన కీబోర్డులు, స్టిక్కర్ల షీట్లు, గోడకి అతికించుకునే లేఅవుట్ చార్టులు, ఇవి ఒకసారి గోతంలోకి పోతే మళ్ళీ తయారు చేసేవాళ్ళు లేరు. ఐబీఎం కీబోర్డులని దాచేవాళ్ళు అమెరికాలో, జర్మనీలో, జపాన్‌లో ఎంతమందో ఉన్నారు. తెలుగు కీబోర్డుని మనం దాచకపోతే ఇంకెవరు దాస్తారు?

పాత కీబోర్డు చేతికి వస్తే నేను మొదట చూసేది ఏ కీలు అరిగినాయా అని. లెక్కల ఆఫీసులో వాడినదైతే నంబర్ ప్యాడ్ మీద సున్నా, పక్కన ఎంటర్ నున్నగా అద్దం మాదిరి మెరుస్తా ఉంటాయి, మిగతావి కొత్తగా ఉంటాయి. ఇంగ్లీషు టైపు చేసినదైతే 'ఇ' (E), 'ఎ' (A), స్పేస్ బారులో బొటనవేలు పడే చోటు. ఇన్‌స్క్రిప్ట్‌లో తెలుగు కొట్టినదైతే 'డి' అరిగిపోయి ఉంటాది, ఎందుకంటే పొల్లు అక్కడే ఉంటాది, మన భాషలో ఒత్తు పడాలంటే దాదాపు ప్రతిసారీ పొల్లు నొక్కాల్సిందే. అమ్మ అన్నా, అన్న అన్నా, అక్క అన్నా, చిత్తూరు అన్నా దాన్ని తాకకుండా కుదరదు. కోర్టు దగ్గర పెద్దాయన కీబోర్డులో ఆ కీ మధ్యలో గుంట పడి ఉండాది, వేలు పెడితే సరిగ్గా అందులో కూర్చుంటాది, పైన అక్షరం ఆనవాలు కూడా లేదు. ఆ పక్కనే గుణింతాల కీలు సగం అరిగినాయి, కుడి చేతి పక్క హల్లులు ఇంకా కనిపిస్తా ఉండాయి. తెలుగులో ఎడమ చేతికి ఎంత పని పడతాదో ఆ కీబోర్డు చూస్తే చాలు, వేరే లెక్కలు అక్కర్లేదు.

ఎంత పాతదో కూడా ఈజీగా చెప్పేయొచ్చు. ప్లగ్గు పెద్దగా గుండ్రంగా ఐదు పిన్నులతో ఉంటే పాత ఏటీ రకం. చిన్న గుండ్రటిది పీఎస్2, అది 1987లో వచ్చింది, దానికి ఊదా రంగు పూసింది ఇంకా తర్వాత, 90ల చివర్లో. విండోస్ గుర్తు ఉన్న కీ 1994లో మైక్రోసాఫ్ట్ తెచ్చింది, కాబట్టి అది లేకుండా 101 కీలు ఉంటే జాస్తిగా అంతకు ముందు డిజైనే. రూపాయి గుర్తు ఉంటే 2010 తర్వాతిది, ఎందుకంటే మన రూపాయికి గుర్తు ఖాయం అయ్యిందే ఆ ఏడాది జూలైలో, టీవీఎస్ వాళ్ళు ఆ గుర్తు వేసి గోల్డ్ భారత్ అని అమ్మినారు. గవర్నమెంటు ఉద్యోగాల టైపింగ్ టెస్టులకి ప్రాక్టీసు చేసే పిల్లోళ్ళు అదే కావాలని అడిగి కొనుక్కునేవాళ్ళు.

శుభ్రం చేయడం గురించి కూడా రాస్తాను, ఎవరికైనా పనికొస్తాది. జాగ్రత్తగా కీ క్యాపులన్నీ పీకాలి, పీకే ముందు ఫోన్‌లో ఫోటో తీసుకోండి ఏది ఎక్కడుందో మరిచిపోకుండా. తిరుపతి కీబోర్డుల కింద ఏముంటాదో తెలుసా, కుంకుమ, విభూతి, కర్పూరం పొడి, అగరబత్తి బూడిద. ప్రతి శుక్రవారం కంప్యూటరుకి బొట్టు పెట్టి, ఆయుధపూజకి పసుపు నీళ్ళు చల్లి, హారతి ఇచ్చిన అంగళ్ళు కదా మనవి. వాటితో పాటు వెంట్రుకలు, బొరుగులు, స్టాప్లర్ పిన్నులు. క్యాపులని సబ్బు వేసిన గోరువెచ్చటి నీళ్ళలో నానేసి కడిగి నీడలో ఆరబెట్టాలి, బోర్డుని మాత్రం నీళ్ళలో ముంచొద్దు, మెత్తటి బ్రష్షుతో దులిపి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ దూదికి తడిపి తుడవాలి. తెల్లటివి పసుపు పచ్చగా మారిపోతాయి, ఏబీఎస్ ప్లాస్టిక్‌కి ఎండ తగిలితే అట్ల అవుతాది, హైడ్రోజన్ పెరాక్సైడ్ పట్టించి ఎండలో పెడితే చాలావరకు తెల్లబడతాది, కానీ అది మధ్యలో ఆరిపోతే మచ్చలు పడతాయి, మన మే నెల ఎండలో అయితే పక్కనే కూర్చుని చూసుకోవాలి, చేతికి గ్లౌజులు తప్పకుండా వేసుకోండి. పీబీటీ ప్లాస్టిక్ క్యాపులు అయితే ఇంత బాధ లేదు, అవి అంత తొందరగా రంగు మారవు, నున్నబడవు. స్టిక్కర్లు అతికించిన తెలుగు కీబోర్డులని మాత్రం నేను కడగను. పొడి గుడ్డతో తుడిచి అట్లే పెడతాను, స్టిక్కరు పోతే దాని విలువే పోతాది.

ఇంకో సంగతి. ఇదేదో మా వయసోళ్ళ పిచ్చి అనుకోవద్దు. ఇంజనీరింగ్ కాలేజీ పిల్లోళ్ళు ఇప్పుడు మెకానికల్ కీబోర్డులంటే పడి చస్తా ఉన్నారు, చెర్రీ పేటెంటు గడువు అయిపోయినాక చైనాలో గేటెరాన్, కైల్, అవుటెము అని ఎన్నో కంపెనీలు అదే రకం స్విచ్‌లు తక్కువ ధరకి చేస్తా ఉండాయి, నీలం అయితే క్లిక్‌మనేది, గోధుమ రంగు అయితే చప్పుడు తక్కువగా వేలికి తెలిసేది, ఎరుపు అయితే అడ్డు లేకుండా నేరుగా దిగేది, పిల్లోళ్ళు స్విచ్‌లు మార్చుకుంటారు, లోపల గ్రీజు పూసుకుంటారు, చప్పుడు కోసం ఫోమ్ ముక్కలు పెట్టుకుంటారు. మా అంగడికి వచ్చే ఒక అమ్మాయి, పద్మావతి యూనివర్సిటీలో చదువుతాది, వేల రూపాయలు పెట్టి కీబోర్డు తెప్పించుకోవాలని చూస్తా ఉంటే, పాత టీవీఎస్ గోల్డ్ ఒకటి వైరు మార్చి ఇచ్చినాను. "ఇది మా తాత బ్యాంకులో ఉన్నప్పుడు వాడినదే అంకుల్" అనింది. ఇప్పుడు ఆ అమ్మాయే హాస్టల్లో వాళ్ళకి పాతవి వెతికి ఇస్తా ఉంది. ఒక పక్క పిల్లోళ్ళు ఇట్లాంటివి వెతుక్కుంటా ఉన్నారు, ఇంకో పక్క అదే ఊర్లో ఆఫీసులు గోతాల్లో వేసి పారేస్తా ఉండాయి, మధ్యలో ఒక మాట చెప్పేవాళ్ళు లేకపోవడం తప్ప వేరే అడ్డం ఏముంది.

కొంతమంది నాతో వాదిస్తారు, ఈ-వేస్ట్‌ని రీసైక్లింగ్‌కి ఇవ్వాల గానీ ఇంట్లో పెట్టుకుంటారా అని. ఆ మాట కాదనను. 2022 ఈ-వేస్ట్ రూల్స్ 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చినాయి, పెద్ద ఆఫీసులు పాత కంప్యూటర్లని రిజిస్టర్ అయిన తయారీ కంపెనీలకో, బాగు చేసేవాళ్ళకో, రీసైక్లర్లకో మాత్రమే ఇవ్వాల, ఇస్తే సంతోషమే. నేను బాధపడేది అట్ల పోయేవాటి గురించి కాదు. ఊరి బయట ఖాళీ జాగాల్లో రాగి కోసం వైర్లు కుప్ప పోసి కాలుస్తారే, ఆ పీవీసీ పొగ డయాక్సిన్ల లాంటి విషం, దాన్ని పీల్చేది అక్కడ పని చేసే పిల్లోళ్ళు. వైరు కోయకుండా ఆపిన ప్రతి కీబోర్డు ఆ కుప్పలోకి పోకుండా ఆగినట్టే. పైగా పని చేసే వస్తువుని మళ్ళీ వాడడం కంటే మంచి రీసైక్లింగ్ ఇంకేముంది. నేను అన్నీ దాచుకోను కూడా, మామూలు రబ్బరు షీటువి బాగు చేసి కావాల్సిన వాళ్ళకి ఇచ్చేస్తాను, బాగుకానివి రీసైక్లింగ్‌కే పంపిస్తాను.

టైపు మాస్టర్ల గురించి రాయకపోతే ఈ ఉత్తరం నాకు తృప్తిగా ఉండదు. మేము నేర్చుకున్నప్పుడు మాస్టరు కీల మీద గుడ్డ కప్పేసి, ఏ ఎస్ డీ ఎఫ్ అని గదంతా మార్మోగేట్టు చెప్పించి కొట్టించేవాళ్ళు. 1955లో గోద్రెజ్ మన దేశంలో టైపురైటర్ తయారు చేసినప్పటి నుంచి ఎన్ని లక్షల మందికి ఆ మిషను అన్నం పెట్టిందో. లోయరు, హయ్యరు టైపు పరీక్షలు పాసై ఉద్యోగాలు తెచ్చుకున్న వాళ్ళు, ముఖ్యంగా ఆడపిల్లలు, మన జిల్లా ఆఫీసుల్లో ఎంతమంది ఉన్నారు! వాళ్ళ దగ్గర ఇన్‌స్టిట్యూట్ చార్టులు, ప్రాక్టీసు పుస్తకాలు, తెలుగు మిషన్ల ఫోటోలు ఉంటే దయచేసి పారేయొద్దు. కీబోర్డు ఒక్కటే ఉంటే సగం కథే, దాన్ని ఎట్ల నేర్పించినారో తెలిపే కాగితం కూడా ఉంటేనే నిండుగా ఉంటాది.

కాబట్టి మీ పేపరు ద్వారా అడుగుతా ఉన్నాను. అలిపిరి రోడ్డులో రీజినల్ సైన్స్ సెంటర్ ఉంది, బడి పిల్లోళ్ళు బస్సుల్లో వచ్చి చూసిపోతా ఉంటారు, అక్కడ ఒక బల్ల ఇస్తే చాలు, తెలుగు టైపురైటర్ నుంచి ఇన్‌స్క్రిప్ట్ దాకా వరసగా పెట్టి, పిల్లోళ్ళు అద్దంలోంచి చూడడం కాకుండా చేత్తో నొక్కి చూసేటట్టు చేయొచ్చు, నా దగ్గర రెండేసి ఉన్నవన్నీ నేను ఉత్తగానే ఇస్తాను, పాడైతే వచ్చి బాగు కూడా చేస్తాను. ఎస్వీ యూనివర్సిటీ 1954 నుంచి ఉంది, పాత డిపార్ట్‌మెంట్ల స్టోర్ రూముల్లో ఏమేమి ఉండాయో ఎవరికి తెలుసు, స్క్రాప్ వేలం వేసే ముందు తెలుగు శాఖ వాళ్ళో ఇంజనీరింగ్ వాళ్ళో ఒకసారి చూసి తెలుగు అక్షరాలు ఉన్నవి పక్కన పెట్టండి.

అన్నిటికంటే ముందు మిమ్మల్ని అడగాల సంపాదకులు గారూ. తెలుగు కీబోర్డుని ఈ రాష్ట్రంలో అందరికంటే జాస్తిగా వాడింది మీ పత్రికల వాళ్ళే. డెస్కులో సబ్ ఎడిటర్లు, డీటీపీ సెక్షన్ వాళ్ళు, జిల్లా ఎడిషన్ల ఆపరేటర్లు రాత్రుళ్ళు కూర్చుని కొట్టినవి, డెడ్‌లైన్ దగ్గర పడేకొద్దీ వేగం పెంచి కొట్టినవి, ఆ కీబోర్డులు ఇప్పుడు యాడ ఉండాయి? మీ స్టోర్‌లో ఏ మూలనో ఉంటే దయచేసి తీయించి, ఎవరి టేబుల్ మీదిది, ఏ ఏళ్ళలో వాడినారు, ఏ లేఅవుట్ అనేది ఒక చీటీ మీద రాయించి వెనక అతికించండి. వైరు కోయనీయొద్దు. ఫోటోలు తీసి ఒక ఆదివారం పేజీలో వేయండి, చదివిన వాళ్ళు వాళ్ళ అటకలు కూడా వెతుక్కుంటారు. తిరుపతి చుట్టుపక్కల ఎవరైనా ఇచ్చేది ఉంటే మీ ఆఫీసుకి కబురు పెట్టమనండి, నా ఫోన్ నంబరు ఈ ఉత్తరంతో పాటు విడిగా పెట్టినాను, పేపర్లో వేయొద్దు గానీ అడిగిన వాళ్ళకి ఇవ్వండి, చిత్తూరు అయినా, పుత్తూరు అయినా, శ్రీకాళహస్తి అయినా నేనే బస్సెక్కి వచ్చి తీసుకుంటాను.

ఇట్లు
ఒక పాత డీటీపీ ఆపరేటర్
బైరాగిపట్టెడ, తిరుపతి